ఐదో వరుస

నా భార్య పోయిన నాలుగు నెలలకు, ఒక శనివారం మధ్యాహ్నం, మేం నలుగురం సైకిళ్ళ షాపులో కలిశాం. వెళ్ళాలా, మానాలా అన్నది ఆ రోజు తేల్చుకోవాలి. అంతకుముందు ఆ షాపులో మేం ఐదుగురం కూర్చునేవాళ్ళం. ఐదో స్టూలు గోడ పక్కన అలాగే ఉంది. షాపతను టీ గ్లాసుల పళ్ళెం దాని మీద పెట్టి, ఏమనుకున్నాడో, మళ్ళీ తీసి నేల మీద పెట్టాడు.

మేం వెళ్ళాలనుకున్నది వేరే దేశానికి. అక్కడ ఒక నది వెంట ఎనిమిది రోజులు సైకిళ్ళ మీద ప్రయాణం. నది ఎప్పుడూ ఎడమచేతి వైపే ఉంటుంది. పెద్ద ఎత్తులేవీ లేవు. రోజుకు నలభై, నలభై ఐదు కిలోమీటర్లు. సైకిళ్ళు అక్కడే అద్దెకిస్తారు. పెట్టెలు వాళ్ళ వ్యానే తర్వాతి ఊరికి చేరుస్తుంది.

ఈ ఆలోచన నా భార్యది. ఆమె దర్జీ. ఎవరో బాగుచేయడానికిచ్చిన కోటు జేబులో పత్రికలోంచి చింపిన కాగితం ఒకటి దొరికితే, వాళ్ళని అడిగి మరీ ఉంచుకుంది. దాని మీద నది, నది పక్కన సన్నటి దారి, ఆ దారిలో టోపీలు పెట్టుకుని సైకిళ్ళు తొక్కుతున్న ముసలివాళ్ళు ఉన్నారు. “వీళ్ళు తొక్కగా లేనిది మనం తొక్కలేమా?” అంది. ఆ కాగితాన్ని తన మిషను ఎదురుగా గోడకు గుచ్చింది. అది రెండేళ్ళ కిందటి మాట.

మాలో ఒకడు నా చిన్ననాటి స్నేహితుడు. మందుల షాపు నడుపుతాడు. అడగనివాళ్ళకు కూడా సలహా ఇస్తాడు కాబట్టి అతన్ని అందరూ సగం డాక్టరు అంటారు. చాటున కాదు, మొహం మీదే. రెండోవాడు సైకిళ్ళ షాపతను. మాకంటే పదేళ్ళు చిన్న, మాట తక్కువ. మూడో మనిషి నా మరదలు, నా భార్యకు సొంత చెల్లెలు. డ్రైవింగు స్కూల్లో నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళ పక్కసీటులో ఆమె కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. పదిహేనేళ్ళుగా దాన్ని తొక్కీ తొక్కీ, ఎక్కడ కూర్చున్నా, ఎవరి మాట తేడాగా అనిపించినా ఆమె కుడికాలు నేలను నొక్కుతుంది. నాలుగోవాణ్ణి నేను. బడిలో లెక్కలు చెబుతాను.

“ఏరా మాస్టారూ, ముందు నువ్వు చెప్పు,” అన్నాడు సగం డాక్టరు. “నువ్వు వద్దంటే వద్దు. ఎవరూ ఏమీ అనుకోరు.”

“మీరంతా ఎలా అంటే అలా,” అన్నాను.

“విన్నారా? వీడి తరగతిలో ఎవడైనా ఇలా జవాబు చెబితే బెంచీ ఎక్కిస్తాడు.”

“నేను చెబుతాను,” అంది మరదలు. “వెళ్తున్నాం. అక్క గోడకి గుచ్చిన కాగితం నేనైతే పీకలేను. మీలో ఎవరైనా పీకుతానంటే చెప్పండి, ఇప్పుడే మానేద్దాం.”

ఎవరూ పీకుతామనలేదు.

“అయితే వెళ్తున్నట్టే,” అన్నాడు సగం డాక్టరు. “నా మోకాళ్ళని మాత్రం ఒక్కరూ అడగలేదు.”

“మీ మోకాళ్ళకి మీ షాపులోనే మందుంది కదా అన్నయ్యా.”

“మా షాపు మందులు నేను వాడనమ్మా. వాటి సంగతి నాకు తెలుసు.”

షాపతను నవ్వాడు. అందరం నవ్వాం. నాలుగు నెలల్లో మేం కలిసి నవ్వడం అదే మొదటిసారి. నవ్వు ఆగాక నలుగురం నాలుగు వైపులకు చూశాం.

సగం డాక్టరు గొంతు తగ్గించాడు. “ఒక్క పని మిగిలింది. చెల్లెమ్మ సైకిలు సంగతి అక్కడివాళ్ళకి రాయాలి కదా, ఐదు కాదు, నాలుగు అని. నువ్వు రాయకురా, నేను రాస్తాను. నువ్వు పంపిన ఫారం కాపీ ఇవ్వు, చాలు.”

టీ గ్లాసు నా చేతిలో వేడిగా ఉంది. దాన్ని రెండో చేతిలోకి మార్చుకున్నాను.

“నేనే రాస్తాలే,” అన్నాను.

“ఎందుకురా అంత బాధ నీకు?”

“ఎవరూ రాయొద్దు,” అంది మరదలు. “అక్క సైకిలు రద్దు చెయ్యొద్దు. నాది రద్దు చెయ్యండి. అక్కదాని మీద నేను వెళ్తాను. ఇద్దరికీ కాలు కొలతలో అంగుళమే తేడా. సీటు కాస్త ఎత్తుకుంటే సరిపోదూ తమ్ముడూ?”

“సరిపోతుందక్కా,” అన్నాడు షాపతను. “నేను ఎత్తి పెడతాను.”

“వాళ్ళు ప్రతి సైకిలుకీ పేరు రాసిన అట్ట కడతారట కదా. అక్క పేరున్న అట్ట నాకు కావాలి. ఇంటికి తెచ్చుకుంటాను. నాకింకేం వద్దు.”

సైకిళ్ళు అద్దెకిచ్చే పెద్దమనిషి పద్ధతి అది. ఫారంలోని పేర్లను అట్టముక్కల మీద తన చేత్తో రాసి సీట్ల వెనక కడతాడు. ప్రయాణానికి నెల ముందు ఆ సైకిళ్ళను షెడ్డు గోడకు వరసగా ఆనించి, ఫోటో తీసి అందరికీ పంపుతాడు. మీ సైకిళ్ళు మీ కోసం సిద్ధంగా ఉన్నాయి అని చెప్పడం. ఆ ఫోటో కోసం నా భార్య అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది.

“ఫోటో ఎప్పుడొస్తుంది మాస్టారు గారూ?” అన్నాడు షాపతను.

“ఇంకో పది రోజుల్లో,” అన్నాను.

ఆ ఫోటోలో నాలుగే సైకిళ్ళుంటాయి. ఏ అట్ట మీదా నా భార్య పేరుండదు. ఆ సంగతి ఆ షాపులో నాకొక్కడికే తెలుసు.

*

ఫారం నింపే పని అందరూ కలిసి నాకు అప్పగించారు. మాస్టారు రాస్తే తప్పుండదన్నారు. అలా అనడానికి కారణం ఉంది. ఎన్నో ఏళ్ళ కిందట, తనిఖీకి పై అధికారులు వస్తున్న రోజున, రాని పిల్లలకు కూడా హాజరు వేయమని మా హెడ్మాస్టరు అడిగారు. నేను వేయలేదు. ఏడుగురు రాలేదు, ఏడుగురికీ గైర్హాజరు వేశాను. దాని వల్ల నాకు పెద్ద నష్టమేమీ కలగలేదు. కాని ఆ కథ నాకంటే ముందు నడిచి, నన్ను ఎరగనివాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళింది. నేనూ దాన్ని నా గురించిన నిజంగానే ఉంచుకున్నాను.

ఫారం ఒక కాగితం. ఐదు వరుసలు. పేరు, ఎత్తు, తొడ మొదలు నుంచి మడమ దాకా కాలి లోపలి కొలత. కొలతలు నా భార్య తీసింది. అప్పటికే ఆమెకు వైద్యం జరుగుతోంది. తలకు గుడ్డ కట్టుకుని, మెడలో టేపు వేసుకుని, సైకిళ్ళ షాపులో మమ్మల్ని వరసగా నిలబెట్టింది. “అన్నయ్యా, ఈ కాలికి పెద్ద సైకిలు ఇవ్వడం దండగ,” అంది సగం డాక్టరుతో. తన కొలత మరదలి చేత తీయించుకుంది. అంగుళాలన్నీ సెంటీమీటర్లలోకి మార్చమని చీటీ నాకిచ్చింది. మార్చాను. తనది డెబ్బై ఒకటి వచ్చింది.

తర్వాతి మంగళవారం ఆసుపత్రిలో డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. గదిలో కిటికీ తెర సగం కిందికి దించి ఉంది. ఇక నెలలు కాదని, వారాలని చెప్పాడు. ఆమెతో ఎప్పుడు చెప్పాలో మీరే చూసుకోండి అన్నాడు. బయటికి వచ్చేసరికి ఆమె బెంచీ మీద కూర్చుని పక్కావిడ జాకెట్టు చేతులు ఎందుకు బిగుసుకున్నాయో వివరిస్తోంది.

ఫారం పంపడానికి ఆఖరి రోజు గురువారం. ఆ రోజు రెండో పీరియడు నాకు ఖాళీ. ఉపాధ్యాయుల గదిలో కిటికీ దగ్గర బల్ల మీద కాగితం పెట్టుకుని, నాలుగు వరుసలు నింపాను. ఐదో వరుస దగ్గర కలం ఆగింది. రాదని తెలుసు. తెలిసి వస్తుందని ఎలా రాయను?

ఖాళీ వరుస వదిలితే తర్వాత ఎవరైనా ఏమైనా చేరుస్తారని మేం మాస్టర్లం దాని మీద అడ్డంగా గీత కొట్టేస్తాం. చెయ్యి అలవాటు పడిపోయి ఉంటుంది. నా చెయ్యి గీత కొట్టింది. ఆ కాగితాన్ని ఆఫీసు గదిలో స్కాను చేసి పంపాను. అది వెళ్ళిపోయాక వరండాలోకి వచ్చి ఇంటికి ఫోను చేశాను.

“పంపేశారా?” అంది.

“పంపేశాను.”

“నాది కూడా?”

“అందరివీ,” అన్నాను. “నీ సైకిలు ఖాయం.”

గంట కొట్టారు. మూడో పీరియడుకు వెళ్ళి భిన్నాలు చెప్పాను.

చేత్తో రాయలేని అబద్ధాన్ని నోటితో అంత తేలిగ్గా చెప్పాను. దాని తర్వాత ఆమె నలభై ఆరు రోజులు బతికింది. ఒక రోజు మాత్రం, మందు వేసుకుంటూ, “ఆ ఫారం కాపీ ఒకసారి చూపించండి, నా పేరు సరిగా రాశారో లేదో,” అంది. బడిలో ఉండిపోయిందన్నాను. సరే అంది. మళ్ళీ అడగలేదు. రెండోసారి అడగని పిల్లల్ని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. కొందరు మన మాట నమ్మి అడగరు. కొందరు తెలిసిపోయి అడగరు. ఆమె ఎందుకు అడగలేదో నాకు తెలియదు. ఇక తెలిసే దారి లేదు.

*

షాపు నుంచి ఇంటికి వచ్చి, అద్దె సైకిళ్ళ పెద్దమనిషికి ఉత్తరం రాశాను. ఒక సైకిలు మార్చడం వీలవుతుందా, డెబ్బై ఒక సెంటీమీటర్ల కొలతకు సరిపోయేది ఉందా అని. కారణం రాయలేదు. సోమవారం జవాబు వచ్చింది. ఆ కొలతకు ఒక్కటే ఉందట. కొత్త ఫారం నింపి పంపితే అట్ట రాసి కడతాడట, ఫోటో ఆ తర్వాతే తీస్తాడట.

నాకు ప్రాణం లేచివచ్చింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కాని నిజం అదే. ఆ ఒక్క కాగితం పంపితే ఫోటోలో ఆమె పేరుంటుంది. మరదలు కోరుకున్న అట్ట దొరుకుతుంది. నేను చేసింది ఎవరికీ తెలియదు, ఎవరికీ నష్టం లేదు. బడిలో కొత్త ఫారం ఒకటి ముద్రించుకుని సంచిలో పెట్టుకున్నాను. మంగళవారం నింపుదామనుకున్నాను. బుధవారం అనుకున్నాను. నింపలేదు. ఈసారి కూడా కలం ఎందుకు కదలలేదో నన్ను నేను అడగలేదు.

గురువారం బడి అయ్యాక ఇంటికి వచ్చేసరికి మరదలు ముందు గదిలో ఉంది. నా భార్య కుట్టుపని చేసుకున్న గది అది. ఒక పక్క మిషను, మధ్యలో పొడుగాటి కత్తిరింపు బల్ల, కిటికీ కింద ఇనప స్టాండుకు బిగించిన సైకిలు. వెనక చక్రం గాలిలో తిరిగేలా ఆ స్టాండును షాపతను చేసిపెట్టాడు. బయటికి వెళ్ళి తొక్కే ఓపిక తగ్గాక నా భార్య దాని మీదే అభ్యాసం చేసేది. పక్క వీధిలోని దర్జీ ఆవిడ కత్తిరింపు బల్ల కావాలని అడిగింది. దాన్ని ఖాళీ చేయడానికి మరదలు వచ్చింది.

అరల్లోని దారపు ఉండలు, బొత్తాల డబ్బాలు, కాగితపు నమూనాలు అన్నీ నేల మీద వరసగా పేర్చి ఉన్నాయి. ఆమె బల్ల వెనక నేల మీద కూర్చుని ఉంది. లేవలేదు.

“బావగారూ, ఇటు రండి,” అంది. “వంగి చూడండి. అక్కడ కాదు, చెక్క లోపలి పక్కకి.”

వంగి చూశాను. బల్ల పక్కచెక్క లోపలి వైపు, దర్జీ సుద్దతో నీలంగా, చిన్నచిన్న నిలువు గీతలు. వరసగా, దగ్గరదగ్గరగా, ఒకటి కింద ఒకటిగా మూడు బారులు.

“ఏమిటివి?”

“మీకు చెప్పలేదా? సైకిలు తొక్కిన రోజు ఒక గీత. మీకు తెలిస్తే లెక్కలు తప్పాయంటారని ఇక్కడ, కనబడకుండా గీసుకునేది.” మరదలు నవ్వింది. “ఇదుగో, ఇది చూడండి.”

గీతల మధ్యలో ఒకటి మిగతావాటికి మూడింతలు పొడుగుంది.

“ఇది మీరు ఫారం పంపిన రోజు. నేనిక్కడే ఉన్నాను. మీరు బడి నుంచి ఫోను చేశారు చూడండి. ఫోను పెట్టేసి, ‘ఖాయమైందే’ అని ఇంత పొడుగు గీసింది. సుద్ద విరిగిపోయింది. ఆ సుద్దముక్క కోసం బల్ల కిందంతా వెతికించింది నా చేత.”

నేను ఆ గీతను చూస్తూ ఉండిపోయాను. ఆ రోజే, బహుశా ఆ గంటలోనే, నేనూ ఒక గీత గీశాను.

“దాని తర్వాతవి లెక్కపెట్టాను,” అంది మరదలు. “ముప్ఫై నాలుగున్నాయి. మొదట్లో పది నిమిషాలు తొక్కితే గీత. తర్వాత ఇరవై చుట్లు తొక్కితే గీత. తర్వాత ఐదు. చివరిది ఒక్క చుట్టే. అప్పుడు పెడలు మీద కాలు నేనే పెట్టాను. ‘చెయ్యి తియ్యి, మోసం చేసినట్టవుతుంది’ అంది. తీశాను. తనే తొక్కింది.”

ఆమె లేచి మిషను ముందున్న కుర్చీలో కూర్చుంది. చేతికంటిన సుద్ద దులుపుకుంది. నా సంచి భుజానికి అలాగే ఉంది. సంచిలో ఖాళీ ఫారం ఉంది.

“ఆమె సైకిలు లేదు,” అన్నాను.

“ఏ సైకిలు?”

“అక్కడిది. మొదటినుంచీ లేదు. ఫారంలో నలుగురినే రాశాను.”

ఆమె కుడికాలు నేలను నొక్కింది. నొక్కి, అలాగే ఉంచింది.

“ఎప్పుడు?”

“ఆ రోజే. ఆ పొడుగు గీత రోజు.”

ఆమె గొంతు మెత్తగా ఉంది. “హడావిడిలో మరిచిపోయి ఉంటారు బావగారూ. అప్పుడు మీ మనసు ఎక్కడుందో నాకు తెలియదూ?”

నాకొక దారి చూపించింది. అవునంటే నమ్మేది. నమ్మి, నన్ను ఓదార్చేది కూడా.

“మరిచిపోలేదు,” అన్నాను. “మంగళవారం డాక్టరు నాతో చెప్పాడు. రాదని తెలిసి, వస్తుందని రాయలేకపోయాను. ఐదో వరుస కొట్టేశాను.”

“రాయలేకపోయారు. కానీ ఫోనులో చెప్పగలిగారు.”

“చెప్పాను.”

“నీ సైకిలు ఖాయం అని.”

“అవును.”

ఆమె లేచింది. బొత్తాల డబ్బా ఒకటి కాలికి తగిలి పడింది. మూత ఊడలేదు. దాన్ని తీసి జాగ్రత్తగా మళ్ళీ వరసలో పెట్టింది.

“మీ హాజరు పట్టీ కథ అక్క ఎంతమందికి చెప్పిందో మీకు తెలుసా?” అంది. “మా ఆయన తెలిసి తప్పు రాయడు అని. గుడ్డ కత్తిరిస్తూ, కొలతలు తీస్తూ, వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేది. ఆవిడ మీ బడిపిల్లా బావగారూ? రాదని ముందే గైర్హాజరు వేశారా?”

చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది.

“అక్కకి తెలుసా?”

ఫారం కాపీ అడిగిన సంగతి చెప్పాను. రెండోసారి అడగలేదని కూడా చెప్పాను. ఆమె వెనక్కి వచ్చి, బల్ల వెనక వంగి, పొడుగు గీత నుంచి వేలితో లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది.

“కాపీ ఎప్పుడడిగింది?”

“మూడు వారాల తర్వాత. ఆదివారం.”

వేలు ఒకచోట ఆగింది. “ఆ రోజూ తొక్కింది,” అంది. “తర్వాత కూడా తొక్కింది.” అది నాకు ఊరటో శిక్షో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. బల్లను పక్క వీధి ఆవిడకు ఇప్పట్లో ఇవ్వడం లేదని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

*

శుక్రవారం ఆమె నుంచి ఫోను రాలేదు. శనివారం పొద్దున వచ్చింది.

“మధ్యాహ్నం షాపుకి రండి. వాళ్ళిద్దరూ ఉంటారు. నాకు చెప్పింది వాళ్ళకీ చెప్పండి. ఖాళీ ఫారం ఉందా?”

“ఉంది.”

“ఎప్పటినుంచి ఉంది?”

“సోమవారం నుంచి.”

“అంటే ఎవరికీ చెప్పకుండా పంపేద్దామనుకున్నారు.”

“అనుకున్నాను.”

“అదీ చెప్పండి,” అని పెట్టేసింది.

షాపులో సగం డాక్టరు కొత్త చేతితొడుగులు వేసుకుని చూసుకుంటున్నాడు. “ఏరా, ఇవి వేసుకుంటే నేను సైకిలు తొక్కేవాడిలా ఉన్నానా, గిన్నెలు తోమేవాడిలా ఉన్నానా?” అన్నాడు. నేను నవ్వకపోయేసరికి వాటిని తీసేశాడు.

చెప్పాను. నాలుగైదు వాక్యాల్లో అయిపోయింది. సోమవారం వచ్చిన జవాబు గురించి కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ షాపతను ఒక చక్రాన్ని మెల్లగా తిప్పుతూ దాని వంకర చూస్తున్నాడు. నేను ఆపాక కూడా చక్రం తిరుగుతూనే ఉంది. చేత్తో పట్టి ఆపాడు.

“అక్కగారు నాతో స్టాండు చేయించుకున్నప్పుడు నాకూ అనుమానమే,” అన్నాడు, చక్రంతో చెబుతున్నట్టు. “అయినా, ‘నెల తొక్కితే ఎత్తులు కూడా ఎక్కేస్తారు’ అన్నాను.”

“నేను అంతకంటే ఎక్కువే అన్నాను,” అన్నాడు సగం డాక్టరు. “కొత్త మందు వస్తోంది చెల్లెమ్మా, వచ్చే నెలలోనే అన్నాను. అలాంటి మందేదీ లేదు. అందరం అబద్ధాలాడాంరా. నీదొక్కటే కాగితం మీదుంది, అంతే తేడా.”

అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడ ఉంటే బాగుండుననిపించింది.

“అంతే తేడా కాదన్నయ్యా,” అంది మరదలు. “నేనూ ఆడాను. మొహం తేటపడిందక్కా అని రోజూ అనేదాన్ని. మనం అన్నవి నిజమైతే బాగుండునని అన్నాం. బావగారు లెక్క తేల్చేశారు. ఆవిడ పెడలు తొక్కుతుండగానే పేరు తీసేశారు.”

సగం డాక్టరు చెయ్యి తీసుకున్నాడు. కోపంతో కాదు. ఆమె చెప్పినది సరిగా ఉందని అతనికీ తెలిసింది.

“నన్ను వదిలేసి మీరు ముగ్గురూ వెళ్ళండి,” అన్నాను.

“అదొకటా ఇప్పుడు?” మరదలి గొంతు మొదటిసారి పెద్దదైంది. “ఇంకో పేరు కొట్టేద్దామా? మీరు వస్తారు. ఎనిమిది రోజులూ నా వెనకే వస్తారు, ఆ అట్ట చూస్తూ. ఫారం తియ్యండి.”

సంచిలోంచి ఫారం తీశాను. షాపతను ఐదో స్టూలు లాగి నా ముందు పెట్టాడు. కాగితం పెట్టడానికి అక్కడ ఇంకేమీ లేదు. సగం డాక్టరు కలం ఇచ్చాడు.

మొదటి వరుసలో అతని పేరు, రెండో దాంట్లో షాపతని పేరు, మూడో దాంట్లో నా పేరు రాశాను. కొలతలు చూసుకోకుండానే రాశాను, అవి నాకు నోటికి వచ్చు. నాలుగో వరుస దగ్గర మరదలి పేరు మొదటి అక్షరం రాయబోయాను.

“అది వదిలెయ్యండి,” అంది. “నేను వెళ్ళేది నా పేరుతో కాదు. ఐదో వరుసకి రండి.”

“అక్కడివాళ్ళు అడిగితే?” అన్నాడు సగం డాక్టరు.

“వెళ్ళాక ఆ పెద్దాయనకి నేను చెప్పుకుంటాను. ఆయనకి అక్క ఉండదా, చెల్లెలు ఉండదా?”

ఐదో వరుసలో నా భార్య పేరు రాశాను. ఎత్తు రాశాను. కాలి లోపలి కొలత దగ్గర డెబ్బై ఒకటి రాశాను. ఫారం అడుగున, పైన రాసినవన్నీ నిజమని ఒప్పుకుంటూ సంతకం చేయాల్సిన చోటు ఉంది. ఏడుగురు పిల్లలకు గైర్హాజరు వేసిన చేత్తోనే అక్కడ సంతకం చేశాను.

కలం మూత పెట్టబోతుంటే ఖాళీగా ఉన్న నాలుగో వరుస కనబడింది. నా చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్ళింది. కలం మొన కాగితానికి ఆనేలోపు మరదలు నా చేతికింద నుంచి ఫారం లాక్కుంది.

“ఖాళీగానే ఉండనివ్వండి,” అంది. కాగితాన్ని వెలుతురుకు పెట్టి, వాళ్ళక్క పేరు ఒక్కొక్క అక్షరమే చదువుకుంది. తర్వాత మడవకుండా తన సంచిలో పెట్టుకుంది.

“నేను పంపుతాను,” అంది. “మీరు పంపొద్దు.”